దోవ లేని కొండ

పుత్తూరు దాటి నగరి వైపు వెళ్లే రైల్లో తూర్పు కిటికీ పక్కన కూర్చున్నవాళ్లకు కాసేపు ఒక కొండవరస తోడొస్తుంది. అడుగున వాలు, వాలు మీద ముళ్లపొదల పచ్చదనం, దాని పైన ఎవరో గోడ కట్టినట్టు నిట్టనిలువు రాయి. ఆ వరసలో ఒకచోట రాతిగోడ పొడుచుకొచ్చి, వెల్లకిలా పడుకున్న మనిషి ముక్కులా కనిపిస్తుంది. దానికి నగరి ముక్కు అని పేరు. ఎత్తు సముద్రమట్టం నుంచి 850 మీటర్లకు కాస్త ఎక్కువ. ముక్కుకు అటూ ఇటూ, దాని భుజాల్లాగా, మైదానం మీద మూడు నాలుగు వందల మీటర్లు మాత్రమే లేచే చిన్న కొండలు చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ వాటికి పటంలో ఎత్తు అంకె తప్ప పేరు ఉండదు. ఈ ఊరివాళ్లు పడమటికొండ అనేదాన్నే అవతలి ఊరివాళ్లు తూర్పుకొండ అంటారు. ఇక్కడ చెప్పుకునే నడక అలాంటి ఒక చిన్న కొండ మీదికి.

నగరి ముక్కును దగ్గరి ఊళ్లవాళ్ల కంటే ముందు ప్రపంచానికి తెలిపినవాళ్లు ఓడవాళ్లు. కోరమాండల్ తీరం చదునైనది. ఇసుక, తాటిచెట్లు తప్ప గుర్తుపట్టడానికి ఏమీ ఉండదు. మద్రాసుకు సరైన రేవు లేని కాలంలో ఓడలు తీరానికి దూరంగా లంగరు వేసి, పడవల్లో మనుషులనూ సరుకునూ దించేవి. తాము ఎక్కడికి చేరామో తెలియాలంటే నేల లోపల ఎత్తుగా నిలిచిన గుర్తు ఒకటి కావాలి. ఆ గుర్తు ఈ ముక్కే. లెక్క కూడా సరిపోతుంది. 850 మీటర్ల ఎత్తున్న శిఖరం, భూమి వంపు అడ్డొచ్చేలోపు, వంద కిలోమీటర్లకు పైగా కనిపిస్తుంది. ఇక్కడి నుంచి ఎన్నూరు తీరం సుమారు డెబ్భై ఎనభై కిలోమీటర్లు. అంటే తీరం ఇంకా ఒక గీతగా కూడా కనిపించని చోట, నీటి మీద మొదట తేలేది నగరి ముక్కే. దేశదేశాల నావికులు దూరం నుంచి చూసి లెక్కలు కట్టుకున్న ఈ కొండల వాలుల మీద కాలు పెట్టినవాళ్లు మాత్రం మేకల కాపరులు, కట్టెలకు వచ్చేవాళ్లు, తేనె తీసే యానాదులు. ఆ తర్వాతి జాబితా పెద్దది కాదు.

తెలుగు నేల మీద కొండకు దోవ ఏర్పడేది రెండు కారణాలకు. పైన దేవుడైనా ఉండాలి, కోటైనా ఉండాలి. ఇక్కడికి ఎక్కువ దూరం లేని తిరుమలకు అలిపిరి నుంచి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు నుంచి 2,388 మెట్లు. పైకప్పు నీడ, దీపాలు, మంచినీళ్లు, మజ్జిగ, అలసినవాడికి పక్కవాడి గోవిందనామం. చంద్రగిరి దుర్గం, గుర్రంకొండ రాజుల కొండలు కాబట్టి వాటికీ ఎక్కే దారులున్నాయి. హార్స్‌లీ కొండల మీద 1870 ప్రాంతంలో కడప కలెక్టరు హార్స్‌లీ బంగళా కట్టించుకున్నాడు. ఏనుగు మల్లమ్మ కొండ అనే పాత పేరు పక్కకు జరిగి రోడ్డు పైదాకా వచ్చింది. దేవుడూ రాజూ దొరా ఎక్కని కొండ ఎలా ఉన్నది అలాగే ఉండిపోయింది. దోవ లేదంటే దాని అర్థం ఇంతే: మనుషులు శిఖరం కోసం నడిచి వేసిన బాట లేదు. వేరే అవసరాల కోసం పడిన జాడలు చాలా ఉంటాయి. నడకంతా ఆ జాడలను చదవడమే.

చిన్న కొండను దాని కోసమే ఎక్కడం స్కాట్లాండువాళ్లు ఒక అలవాటుగా, కొంతవరకు ఒక శాస్త్రంగా పెంచుకున్నారు. సర్ హ్యూ మన్రో 1891లో మూడు వేల అడుగులు దాటిన కొండల జాబితా వేశాడు. ఆ తర్వాత రెండున్నర వేల నుంచి మూడు వేల అడుగుల మధ్య ఉన్నవాటికి కార్బెట్లు అని ఇంకో జాబితా వచ్చింది. 1992లో అలన్ డాసన్ ఎత్తును వదిలేసి, చుట్టుపక్కల నేల మీద 150 మీటర్లు విడిగా లేచిన ప్రతి కొండనూ లెక్కలోకి తెచ్చాడు. దానితో పేరూ బాటా లేని, గడ్డీ బురదా మాత్రమే ఉన్న మారుమూల గుట్టలకు కూడా ఎక్కేవాళ్లు దొరికారు. నగరి ముక్కు స్కాట్లాండులో ఉంటే దాని ఎత్తుకు కార్బెట్ల వరసలో నిలిచేది. హార్స్‌లీ కొండలు ఆ దేశపు అన్నిటికంటే ఎత్తైన బెన్ నెవిస్‌కు వంద మీటర్లలోపే తక్కువ. ఎత్తు విషయంలో చిత్తూరు సీమ చిన్నబోవలసిన పని లేదు. లేనిదల్లా, చిన్న కొండ కూడా ఒక రోజు నడకకు తగినదే అని చూసే అలవాటు.

ఈ కొండ ఎక్కడానికి ముందు దాని రాయిని తెలుసుకోవాలి. ఎక్కే తీరును నిర్ణయించేది రాయే. పాత చిత్తూరు జిల్లా పడమటి భాగం, అంటే పలమనేరు, పుంగనూరు, మదనపల్లె వైపు, గ్రానైటు కొండలు. అవి బోడిగుండ్లు. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు గుండ్రాళ్లు, మధ్యలో నున్నటి పరుపుబండలు. బండ మీద చెప్పు పట్టు దొరుకుతుంది కాబట్టి ఎక్కడ నుంచైనా ఎక్కవచ్చు, గుండ్ల మధ్య సందులో ఇరుక్కోకుండా చూసుకుంటే చాలు. తూర్పున నగరి, పుత్తూరు, నారాయణవనం వైపు కొండలు రెండు అంతస్తులవి. కింది అంతస్తు అదే పాత గ్రానైటు. దాని మీద క్వార్ట్‌జైటు పలకలు, అంటే ఒకప్పటి ఇసుక గట్టిపడి, ఒత్తిడికి ఇంకా గట్టిపడి రాయైనది. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ ఊరి పేరుతోనే దాన్ని నగరి క్వార్ట్‌జైట్ అంటారు. కడప, కర్నూలు శిలల మీద విలియం కింగ్ 1872లో అచ్చువేసిన పెద్ద నివేదిక నాటి నుంచి ఈ ప్రాంతపు రాళ్లు భూగర్భ శాస్త్రంలో పాఠంగానే ఉన్నాయి.

ఆ రెండు అంతస్తుల మధ్య అతుకు చిన్న విషయం కాదు. గ్రానైటు పుట్టి, పైకి తేలి, అరిగి చదునైన తర్వాత, చాలా కాలానికి దాని మీద సముద్రపు ఇసుక పడింది. మధ్యలో పోయిన కాలం యాభై కోట్ల ఏళ్లకు తక్కువ కాదని అంచనా. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన ఆ అతుకు తేటగా కనిపించే చోటును భూగర్భ సర్వే శాఖ జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించింది. తిరుమల మీద శిలాతోరణం కూడా ఈ క్వార్ట్‌జైటుదే. స్మారకాల దగ్గర కమ్మీలు, బోర్డులు ఉంటాయి. పేరులేని కొండ మీద అదే అతుకును చేత్తో తడమవచ్చు. కింద గరుకుగా, గులాబీ బూడిద రంగులో, గోటితో గీరితే గింజలు రాలే పాత గ్రానైటు. దాని మీద గులకరాళ్లు పొదిగిన ఒక పొర. ఆ పైన తెల్లగా, లేత ఎరుపుగా, సుత్తి దెబ్బకు గంటలా మోగే పలకలు. కొన్ని పలకల పైభాగం మీద చిన్న చిన్న మడతలు వరసగా ఉంటాయి. ఏటి ఒడ్డు ఇసుకలో అలలు వేసే గీతలు ఎలా ఉంటాయో అచ్చంగా అలాగే. తీసుకున్న ఊపిరి వదలకుండా కాసేపు చూడదగిన దృశ్యం అది. లోతులేని నీటిలో ఒకరోజు కదిలిన అల ముద్ర నూట యాభై కోట్ల ఏళ్లుగా చెరగకుండా, మేకల డెక్కల కింద పడి ఉంది.

గ్రానైటు తేలిగ్గా అరుగుతుంది, క్వార్ట్‌జైటు అరగదు, విరుగుతుంది. కింది రాయి అరిగి లోపలికి పోయేకొద్దీ పైరాయి ఆధారం తప్పి, నిలువు పగుళ్ల వెంట ముక్కలై కిందికి రాలుతుంది. అందుకే పైన గోడ, గోడ కింద రాలిన రాళ్ల వాలు, దాని కింద గరుసు నేల. నగరి వరసలో ఏ కొండ చూసినా ఈ మూడు పట్టీలు కనిపిస్తాయి. ఎక్కేవాడికి మూడూ మూడు వేరు వేరు నడకలు.

నడకకు ముందు కాగితం పని ఒకటి ఉంది. స్కాట్లాండులో 2003 నాటి భూసంస్కరణ చట్టం బాధ్యతగా నడుచుకునే ప్రతి మనిషికీ కొండల మీద తిరిగే హక్కు ఇచ్చింది. ఇక్కడ ఈ కొండల్లో ఎక్కువ భాగం రిజర్వు అడవి. 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపలికి పోవడం నేరం. శేషాచలం, వెలికొండ, నగరి అడవుల్లో పెరిగే ఎర్రచందనం ప్రపంచంలో మరెక్కడా సహజంగా ఇంతగా పెరగదు. దాని దొంగరవాణా వల్ల అడవిలో కనిపించిన ప్రతి కొత్త మనిషి మీదా అనుమానం సహజం. కాబట్టి అటవీశాఖ రేంజి కార్యాలయంలో ముందుగా రాసిచ్చి అనుమతి తీసుకోవడం, కొండ కింది ఊరి మనిషిని ఒకరిని తోడు తీసుకుపోవడం తప్పనిసరి. ఊరి మనిషి తోడు అనేది చట్టం కోసమే కాదు. ఏ వంకలో నీళ్లున్నాయో, ఏ చరియ మీద ఈ ఏడు తేనెపట్లు ఉన్నాయో, ఎలుగుబంటి ఏ కోనలో తిరుగుతున్నదో పటం చెప్పదు.

పటం చెప్పేవీ ఉన్నాయి. భారత సర్వేక్షణ శాఖ పాత పటాల్లో తిరుపతి, పుత్తూరు, నగరి ప్రాంతమంతా 57 ఓ వరసలో వస్తుంది. యాభై వేలకు ఒకటి కొలతలో ఇరవై మీటర్లకు ఒక ఎత్తుగీత. గీతలు ఒకదాన్నొకటి ఆనుకుని నల్లగా ముద్దైనచోట రాతిగోడ. గీతలు లోపలికి మడతపడినచోట వంక. గోడ ముద్దలో ఎక్కడైనా గీతలు కొద్దిగా విడిపోయి కనిపిస్తే అది గండి. పైకి చేరే అవకాశమంతా అక్కడే ఉంటుంది. ఈ దేశపు మహా త్రికోణమితి సర్వేకు 1802 ఏప్రిల్‌లో విలియం లాంబ్టన్ మొదటి గీత కొలిచింది ఇక్కడికి దూరం కాని మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గరే. కొండ తల మీద నుంచి కొండ తలకు చూపు కలుపుతూ దేశాన్ని కొలిచినవాళ్లకు, దోవ లేని కొండ ఎక్కడం రోజువారీ కూలి.

ఇక కాలం. ఈ తూర్పు భాగానికి వాన ఎక్కువగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో ఈశాన్య గాలులు తెస్తాయి. తుపాను వాన పడితే కొండ ఊరుకోదు. 2021 నవంబరు వానలకు శ్రీవారి మెట్టు దారిలో మెట్లే కొట్టుకుపోయి, నెలల తరబడి దారి మూసి, 2022 మేలో తిరిగి తెరిచారు. రాతితో కట్టిన దారికే ఆ గతి పట్టినప్పుడు, వానకాలంలో వంక వెంట పైకి పోవాలనుకోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. మార్చి నుంచి ఎండ, ఎండిన బోదగడ్డి, దానికి అంటుకునే నిప్పు. నికరంగా మిగిలేది డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా రెండు నెలల పైచిలుకు. అప్పటికి వంకల్లో నీళ్లు తగ్గి తేటపడతాయి, దొనల్లో మిగిలి ఉంటాయి, గాలి పొడిగా ఉండి దూరం కనిపిస్తుంది.

ఎంతసేపు పడుతుందన్నదానికి స్కాట్లాండు కొండలవాళ్ల సూత్రం ఒకటి లోకమంతా వాడుకలో ఉంది. 1892లో నెయిస్మిత్ చెప్పినది: చదునున మూడు మైళ్లకు ఒక గంట, ఎక్కే ప్రతి రెండు వేల అడుగులకు ఇంకో గంట. ఈ లెక్కన మూడు కిలోమీటర్ల దూరం, మూడున్నర వందల మీటర్ల ఎత్తు ఉన్న కొండకు గంటా పావు చాలాలి. నగరి కొండల్లో అదే నడకకు మూడు గంటలు పెట్టుకోవాలి. ఆ పెద్దమనిషి లెక్కలో పరికి కంప లేదు.

నడక చీకటితోనే మొదలవుతుంది. వేరుశనగ చేల గెనిమల మీద, మామిడి తోటల అంచున, కంచెల మధ్య డొంక వెంట కొండ మొదలుదాకా దోవ ఉంటుంది. పొలాలు ఆగినచోట డొంక పిల్లబాటలుగా చీలుతుంది. అక్కడి నుంచి మొదటి పట్టీ: గరుసు నేల, ముళ్లపొదలు. ఇది తక్కువ ఎత్తు పట్టీ, కానీ ఎక్కువ కష్టం పెట్టేది ఇదే. పరికి, కలివి, రేగు, బలుసు, చండ్ర. వంకర ముల్లున్న కంప బట్టను పట్టుకుంటే ముందుకు లాగకూడదు. ఒక అడుగు వెనక్కి వేస్తే దానంతటదే వదులుతుంది. పొడుగు చేతుల చొక్కా, మందపాటి గుడ్డ ప్యాంటు, చీలమండ కప్పే బూట్లు లేకుండా వచ్చినవాళ్లు ఇక్కడే వెనుతిరుగుతారు.

పొదల్లో బాటలు చాలా కనిపిస్తాయి. అన్నీ బాటలే, ఏదీ శిఖరానికి పోదు. ఆవులూ గేదెలూ వేసినవి వెడల్పుగా, వాలుకు అడ్డంగా, ఎత్తు మారకుండా పోతాయి. వాటి చివర నీళ్లుంటాయి. మేకల దోవలు సన్నగా, మెలికలుగా, చిగురున్న పొద నుంచి ఇంకో పొదకు ఎగబాకుతాయి. వాటి చివర ఏమీ ఉండదు, మేకకు ఆకలి తీరినచోట ఆగిపోతాయి. కట్టెలవాళ్ల దోవకు అటూ ఇటూ కొట్టేసిన మొదళ్లు కనిపిస్తాయి. తలమీద మోపుతో దిగాలి కాబట్టి దాని వాలు సున్నితంగా ఉంటుంది. ఎక్కేవాడికి దొరికే దోవల్లో మంచిది ఇదే. నడుము ఎత్తులో పొదలు మూసుకుని, కింద మాత్రం సొరంగంలా తెరుచుకున్న దోవ మనిషిది కాదు. అడవిపంది, ఎలుగు తిరిగేది. అందులోకి వంగి దూరకూడదు. ఎలుగుబంటికి చూపు మందం, హఠాత్తుగా ఎదురుపడితే మీదికి వస్తుంది. తోడు వచ్చిన ఊరి మనిషి కర్రతో బండను తడుతూ, మామూలు గొంతుతో మాట్లాడుతూ నడవడం అందుకే. అలిపిరి దారిలో 2023లో చిరుతల భయం వచ్చినప్పుడు దేవస్థానం భక్తుల చేతికి కర్ర ఇవ్వాలనుకున్నదీ పల్లె అడవుల ఈ పాత అలవాటే.

రెండు మూడు వందల అడుగులు ఎక్కాక పొదలు పలచబడి వంక దగ్గరపడుతుంది. దోవ లేని కొండకు వంకే రాజమార్గం, కొంతదూరం వరకు. పై నుంచి దొర్లి, నీటికి అరిగి గుండ్రబడిన రాళ్లు మెట్లలా ఉంటాయి, ముళ్లు ఉండవు, నీడ ఉంటుంది. ఒడ్డున నేరేడు, మొగలిపొద, అక్కడక్కడ వెదురు. వానలు పోయిన నెలకు కూడా బండల నడుమ దొనల్లో నీళ్లు నిలిచి ఉంటాయి, అడుగున రాలిన ఆకు కనిపించేంత తేటగా. నారాయణవనం దగ్గరి కైలాసకోన, పుత్తూరు దగ్గరి మూలకోన ఇలాంటి వంకలే పెద్దవై, జలపాతాలై, శివాలయాలు వచ్చి పేరు తెచ్చుకున్నాయి. పేరు రాని కోనలు ఇంకా ఎన్నో ఉన్నాయి. తడిగా, చీకటిగా ఉన్న రాతి సందుల్లో జాగ్రత్తగా చూసే కళ్లుంటే అరుదైన ప్రాణులు కనిపించే సీమ ఇది. శేషాచలం కోనల్లో ఉండే బంగారు బల్లిని ప్రకృతి పరిశోధకుడు బెడ్డోమ్ 1870లో తిరుపతి కొండల నుంచే లోకానికి చూపించాడు.

వంకను వదిలేయవలసిన చోటును గుర్తించడం ఈ నడకలో ముఖ్యమైన నేర్పు. వంక ఎప్పుడూ తేలికగా మొదలై కష్టంగా ముగుస్తుంది. పైకి పోయేకొద్దీ ఇరుకై, బండ మీద బండ పెరిగి, చివరకు గోడ కింద నీరు జారే నున్నటి చరియ దగ్గర ఆగిపోతుంది. అక్కడిదాకా పోయినవాడు ఎక్కలేడు, పక్కకు పోలేడు, దిగడానికి భయపడతాడు. గోడ ఇంకా పైన కనిపిస్తుండగానే వంక గట్టు ఎక్కి రెండు వంకల నడుమ ఉన్న వీపు మీదికి చేరాలి. కొండల్లో పుట్టినవాళ్లకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. మైదానం నుంచి వచ్చినవాళ్లు ఇక్కడే తప్పు చేస్తారు.

వీపు మీద రెండో పట్టీ మొదలు. రాలిన రాళ్ల వాలు. అన్ని సైజుల పలకలు, మూలలు అరగనివి, ఒకదాని మీద ఒకటి వదులుగా. కాలు పెట్టినప్పుడు పలక ఊగుతుంది, ఒక్కోసారి పెళుసుగా గలగలమంటుంది. ఈ వాలులో ముందూ వెనకా నడవకూడదు, పక్కపక్కన నడవాలి; పైవాడి కాలి కింద జారిన రాయి కిందివాడి మోకాలిని వెతుక్కుంటూ వస్తుంది. చెయ్యి పెట్టే ముందు రాతి సందును కర్రతో తట్టాలి. చలికాలపు పొద్దున వెచ్చదనం కోసం రాతి అంచుకు చేరే పాముల్లో రక్తపింజర ఒకటి. ఆకుల రంగులో కలిసిపోయి కదలకుండా ఉండడం దాని అలవాటు. ఇక్కడ కాటు పడితే ఆసుపత్రి కొన్ని గంటల దూరం.

ఈ పట్టీలో చెట్లు మారుతాయి. రాళ్ల మధ్య ఎంత మట్టి దొరికితే అంతే ఎత్తు పెరిగినవి. బెరడు మొసలి తోలులా పగిలిన ఎర్రచందనం, తెల్లటి కాండంతో కొండ సాంబ్రాణి, ఆకులన్నీ రాల్చేసి ఫిబ్రవరిలో బోడికొమ్మల మీద పచ్చని పసుపు పూలు విచ్చే కొండగోగు. కొండగోగు పూసిన వాలును కింది ఊరి నుంచి చూస్తే బండ మీద పసుపు చల్లినట్టు ఉంటుంది. ఎర్రచందనం లావుగా కనిపించదు. గుండెలో ఎర్రదనం పట్టడానికి దానికి దశాబ్దాలు కావాలి, ఈ పేద రాతినేలలోనే అది బాగా పడుతుంది. అక్కడక్కడ నేలమట్టానికి కోసేసిన మొదళ్లు ఉంటాయి. వాటి ముఖం ఎండిన నెత్తురు రంగులో ఉంటుంది. మొదలు పక్కన చాలాసార్లు కొత్త చిగురు కూడా ఉంటుంది.

రాళ్ల వాలు పైఅంచున గోడ. కింద రైలు కిటికీ నుంచి సన్నని గీతలా కనిపించినది దగ్గరికి వచ్చేసరికి తాటిచెట్టును మించిన ఎత్తు. దాని పొట్టలో, వాన తగలని వంపుల కింద, నల్లటి అర్ధచంద్రాకారాలు వేలాడుతుంటాయి. పెద్ద తేనెటీగల పట్లు. ఒక్కొక్కటి మనిషి చేతులు చాపినంత. ఒక్క బండకు ఎన్నో ఉండవచ్చు. వాటి కింద పొగ పెట్టడం, అరవడం, రాయి విసరడం చేయరాదు. ఈ కొండల్లో చిరుత కంటే, ఎలుగు కంటే నిజమైన ప్రమాదం ఇదే. అయితే యానాదులకు ఈ గోడ పంటపొలం. పై అంచున చెట్టుకు కట్టిన తాడు మీద, పొగచుట్టతో దిగి, పట్టులో తేనె గది కోసుకుని, పిల్లలున్న గదిని వదిలి వచ్చే విద్య వాళ్లది. తాడు పైన పట్టుకునేవాడు నమ్మకస్తుడైన దగ్గరి బంధువై ఉండాలని వాళ్ల కట్టుబాటు. గోడ కింద ఎక్కడైనా మైనపు ముక్కలు, కాలిన తీగల చుట్టలు కనిపిస్తే, పైకి పోయే గండి దగ్గర్లోనే ఉన్నట్టు. గోడ తల మీదికి చేరాలంటే వాళ్లకూ దోవ కావాలి కదా.

గండి అంటే పెద్ద ద్వారం కాదు. గోడలో రెండు నిలువు పగుళ్ల నడుమ రాయి రాలిపోయి ఏర్పడిన ఇరుకు సందు. అడుగున మట్టి, ఆకు, దొర్లి ఇరుక్కున్న బండలు. జువ్వి వేళ్లు రాతిని చుట్టుకుని పైనుంచి కిందిదాకా దిగి ఉంటాయి, పట్టుకోవడానికి తాడులాగా. చేతులతో, మోకాళ్లతో ఎక్కవలసింది ఇది ఒక్కటే. ఇరవై ముప్పై అడుగులు. ఎక్కేముందు వెనక్కి తిరిగి సందు మొదలును బాగా చూసి గుర్తుపెట్టుకోవాలి. పైనుంచి చూస్తే గోడ అంచంతా ఒకేలా ఉంటుంది, దిగే సందు ఏదో తెలియక సాయంత్రం దాకా తిరిగినవాళ్లున్నారు. కాపరులు ఇలాంటిచోట రాయి మీద రాయి మూడు పెట్టి పోతారు. తిరుమల కొండ మీద సొంతిల్లు కావాలని మొక్కుకుంటూ భక్తులు పేర్చే రాళ్లూ చూడటానికి ఇలాగే ఉంటాయి. ఇక్కడి మూడు రాళ్లకు మొక్కు లేదు. ఇటు దిగు, అని మాత్రమే.

గండి పైన నేల ఒక్కసారిగా చదునవుతుంది. నగరి కొండల తలలు కోసుగా ఉండవు. పలకల పైముఖం కాబట్టి మేడ మీది వసారాలా కొద్దిగా ఒక వైపుకు వాలి ఉంటాయి. నడుము ఎత్తు బోదగడ్డి, పొట్టి కొండఈత, పలకల మీద అలల ముద్రలు. గాలి తప్ప శబ్దం లేదు. అన్నిటికంటే ఎత్తైన చోటు ఏదో వెతుక్కోవాలి. ఒక పలక పక్కపలక కంటే జానెడు ఎత్తు, అదే శిఖరం. గుడి లేదు, జెండా లేదు. తెచ్చుకున్న సద్దిమూట విప్పడానికి తగిన నీడ కూడా ఒక పాలచెట్టు ఇచ్చినంతే.

ఇక్కడి నుంచి చూపు పోయినంత దూరం చదవవలసిన పటమే. పడమట కింద రైలుపట్టా. మద్రాసు నుంచి ఆర్కోణం, రేణిగుంట మీదుగా రాయచూరు చేరి 1871లో బొంబాయి లైనుతో కలిసినది ఇదే. దాని మీద దక్షిణంగా వెంకటనరసింహరాజువారిపేట, దేశంలో అతి పొడుగు పేరున్న స్టేషన్లలో ఒకటి. ఇంకా దక్షిణాన తిరుత్తణి కొండ. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు తిరుత్తణి ఈ జిల్లాలోదే. 1960 ఏప్రిల్‌లో, సరిహద్దు మీద పటాస్కర్ ఇచ్చిన తీర్పు ప్రకారం, అది మద్రాసు రాష్ట్రానికి పోయి, సత్యవేడు వైపు పల్లెలు ఇటు వచ్చాయి. గీత మారింది కానీ కొండ కింది ఊళ్లలో నాలుక మారలేదు. ఒకే ఇంట్లో తెలుగూ అరవమూ ఇప్పటికీ కలిసే ఉంటాయి. 2022 ఏప్రిల్‌లో ఇంకో గీత వచ్చింది. నగరి చిత్తూరు జిల్లాలో ఉండిపోగా పుత్తూరు, నారాయణవనం కొత్త తిరుపతి జిల్లాలోకి చేరాయి. ఒకే కొండకు ఒక వాలు ఒక జిల్లా, మరో వాలు మరో జిల్లా.

ఉత్తరాన తిరుమల కొండల నీలిగోడ. దగ్గరలో నారాయణవనం గోపురం, పద్మావతీ వేంకటేశ్వరుల పెళ్లి జరిగిందని చెప్పే ఊరు. తూర్పున నాగలాపురం, కృష్ణదేవరాయల తల్లి నాగలాదేవి పేర వెలిసినది. ఆ పైన నేల పల్చబడి, తెల్లబడి, ఆకాశంలో కలుస్తుంది. ఉత్తరపు గాలి మబ్బును తుడిచిన పొద్దున ఆ తెలుపులో ఇంకొంచెం మెరిసే పట్టీ కనిపిస్తే అది పులికాట్ వైపు నీరు. ఓడ నుంచి కొండ కనిపించిన చూపుదారే ఇటు నుంచి కూడా తెరిచి ఉంటుంది.

కొండ తల మీద పడిన వాన ఎటు పోతుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. ఒక వాలు నీరు ఆరణి ఏట్లో కలిసి పిచ్చాటూరు జలాశయం మీదుగా పులికాట్ చేరుతుంది. ఇంకో వాలు నీరు నగరి ఏటి ద్వారా కుశస్థలిలో కలిసి, 1944లో కట్టిన పూండి జలాశయంలో ఆగి, మద్రాసు కుళాయిల్లోకి పోతుంది. తెలుగుగంగ కాలువలో కృష్ణా నీళ్లు కండలేరు నుంచి అదే పూండికి 1996 నుంచి పోతున్నాయి. అవి రాకముందు కూడా చెన్నపట్నం తాగిన నీళ్లలో కొంత ఈ పేరులేని కొండలదే. పలకల మధ్య పగుళ్లలోకి దిగిన నీరు చోటుచోట్ల గ్రానైటు అతుకు దగ్గర బయటపడి, వేసవి మొదలుదాకా వంకలను బతికిస్తుంది. పైన చెట్టు పోతే ఆ నీరు పగుళ్లలోకి దిగదు, ఒక్క పూటలో మట్టితో సహా చెరువులో పడుతుంది. కొండ తల మీద గడ్డి కాలితే కింద బావి ఎండుతుందని ఊరి రైతులు అనడం ఊరికే కాదు.

దిగడం మధ్యాహ్నం ఒంటిగంటకు మించి ఆలస్యం చేయకూడదు. ఎక్కడానికి మూడు గంటలు పడితే దిగడానికి రెండున్నర. సందులో ముఖం రాయి వైపు తిప్పి, కాలు వెతుక్కుంటూ దిగాలి. రాళ్ల వాలులో దిగడం ఎక్కడం కంటే మోకాలికి భారం. వంకలోకి మళ్లీ చేరేసరికి తెచ్చుకున్న నాలుగు లీటర్ల నీళ్లు అయిపోయి ఉంటాయి. దొనలో నీరు తేటగా ఉన్నా పైనే ముంచుకుని, గుడ్డలో వడగట్టి తాగడం కాపరుల పద్ధతి. కాచి తాగడం ఇంకా మంచిది. పొదల పట్టీలో ఉత్తరేణి గింజలు బట్టలకు అంటుకుంటాయి. ఇంటికి చేరాక గంటసేపు ఏరుకోవలసిన పని అది.

పొద్దు వాలే వేళకు కొండ నీడ ముందుగా పొలాల మీద పడుతుంది. మేకల మంద అప్పటికే కట్టెలవాళ్ల దోవ పట్టి, మనుషుల కంటే ముందే డొంకలోకి దిగి ఉంటుంది. గంటల చప్పుడు వెంట పోతే చాలు. కొండ మొదట్లో వంక ఇసుకలో తీసిన చెలమ దగ్గర అవి ఆగుతాయి. అక్కడి నుంచి ఊరిదాకా నడవవలసింది గెనిమ మీదే. పుత్తూరు బస్సు ఊరి రచ్చబండ దగ్గర ఆగుతుంది.